కోపిష్టికి గుండెపోటు తప్పదా? పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ల జవాబులు

గుండె జబ్బుకూ మనిషి గుణానికీ ఉన్న సంబంధం గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఆరింటికి గుండె వైద్య నిపుణుడు, సైకాలజిస్టు కలిసి ఇచ్చిన జవాబులివి.

మావారికి 48 ఏళ్లు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ఏదీ నిదానంగా చేయరు. అన్నం ఐదు నిమిషాల్లో అయిపోతుంది, ముద్ద నోట్లో ఉండగానే ఫోను ఎత్తుతారు. లెక్క తేడా వస్తే గుమాస్తాల మీద విరుచుకుపడతారు. ఆయనది ‘టైప్ ఎ’ స్వభావమని, అలాంటివాళ్లకు గుండెపోటు తప్పదని మా మరిది అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

తప్పదన్న మాట నిజం కాదమ్మా. అలాగని కొట్టిపారేయాల్సిందీ కాదు. ఈ ‘టైప్ ఎ’ సంగతి మొదటినుంచీ తెలిస్తే, ఆయన విషయంలో దేనికి భయపడాలో దేనికి అక్కర్లేదో మీకే అర్థమవుతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మేయర్ ఫ్రీడ్‌మన్, రే రోజెన్‌మన్ అని ఇద్దరు గుండె డాక్టర్లు ఉండేవారు. వాళ్ల ఆస్పత్రి కుర్చీలకు కొత్త గుడ్డ వేయడానికి వచ్చిన పనివాడు, సీట్లన్నీ ముందు అంచుల దగ్గరే అరిగిపోవడం చూసి ఆశ్చర్యపోయాడని ఫ్రీడ్‌మన్ తర్వాత రాశారు. వెనక్కి ఆనుకుని కూర్చునే రోగులు తక్కువ. పేరు పిలవగానే లేవడానికి సిద్ధంగా అంచుమీద కూర్చునేవాళ్లే ఎక్కువ. తర్వాత వీళ్లిద్దరూ అకౌంటెంట్ల మీద ఒక పరిశీలన చేశారు. అమెరికాలో పన్ను రిటర్నుల గడువు ఏప్రిల్ 15. ఆ తేదీ దగ్గరపడేకొద్దీ అకౌంటెంట్ల రక్తంలో కొలెస్ట్రాల్ పెరిగింది, రక్తం త్వరగా గడ్డకట్టింది. గడువు దాటాక రెండూ తగ్గాయి. తిండిలో పెద్ద మార్పేమీ లేదు. 1958లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మరుసటి ఏడాది, ఎప్పుడూ తొందర, ఎప్పుడూ పోటీ, ఇట్టే చిర్రెత్తే స్వభావానికి వాళ్లు ‘ఎ’ అని పేరు పెట్టారు. నిదానస్తులు ‘బి’ అయ్యారు.

1960లో కాలిఫోర్నియాలో 39 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న 3,154 మంది మగవాళ్లతో పెద్ద అధ్యయనం మొదలైంది. ఎనిమిదిన్నరేళ్లు గమనిస్తే ‘ఎ’ వర్గంలో గుండె జబ్బు దాదాపు రెట్టింపు కనిపించింది. మీ మరిది గారి దాకా వచ్చింది ఈ మాటే. అయితే కథ అక్కడితో ఆగలేదు. 1985లో మరో పెద్ద అధ్యయనంలో ‘ఎ’ స్వభావానికీ గుండెపోటుకూ సంబంధం కనపడలేదు. ఆ కాలిఫోర్నియా మనుషుల్నే 22 ఏళ్లు గమనించి 1988లో ప్రచురించిన లెక్క చూస్తే, గుండె జబ్బు వచ్చినవాళ్లలో ‘ఎ’ రకం మనుషులే ఎక్కువకాలం బతికి ఉన్నారు!

మరి మొదట్లో ఆ రెట్టింపు ఎక్కడినుంచి వచ్చింది? పాత ఇంటర్వ్యూలను మళ్లీ ముక్కముక్కగా పరిశీలించారు. పని ఎక్కువ పెట్టుకోవడానికీ, పైకి రావాలన్న తపనకూ గుండె జబ్బుతో సంబంధం లేదని తేలింది. తరచూ కోపం రావడం, ఆ కోపాన్ని ఎదుటివాళ్ల మీద చూపించడం, వరుసలో నిలబడాలంటే చిరాకు, పేలినట్టు మాట్లాడే గొంతు మిగిలాయి. వీటి కింద ఉండేది మనుషుల మీద అపనమ్మకం, లోలోపలి కక్ష. ఆరోగ్యవంతుల్లో ఈ కోపం, కక్ష గుండె జబ్బు ముప్పును సుమారు 19 శాతం పెంచుతాయని అనేక అధ్యయనాలను కలిపి 2009లో లెక్కకట్టారు. అదే లెక్కలో పొగ, వ్యాయామం లేకపోవడం లాంటి అలవాట్లను పక్కకు తీస్తే ఆ ముప్పు చాలావరకు తగ్గిపోయింది. అంటే కోపం తన పని కొంత నేరుగా చేస్తుంది, మిగతాది అలవాట్ల చేత చేయిస్తుంది.

‘టైప్ ఎ’ పరిశోధనలకు డబ్బు పెట్టినవాళ్లలో సిగరెట్ కంపెనీలూ ఉన్నాయని తర్వాత బయటపడ్డ పత్రాల వల్ల తెలిసింది. తప్పు సిగరెట్‌ది కాదు, మనిషి స్వభావానిది అనిపిస్తే వాళ్లకు లాభమే కదా. ఈ సంగతి మరిచిపోకూడదు.

ఇక మీవారి విషయం. గబగబా తినడం, రెండు ఫోన్లు పట్టుకోవడం గుండెను పాడుచేస్తాయని చెప్పలేం. చూడాల్సినవి వేరే ఉన్నాయి. వారానికి ఎన్నిసార్లు అరుస్తున్నారు? అరిచి మరిచిపోతారా, రాత్రి పడుకున్నాక కూడా ‘వాడు కావాలనే చేశాడు’ అని తలుచుకుని రగులుతారా? అరిచిన ప్రతిసారీ సిగరెట్టో, గుట్కానో, సాయంత్రం మందో ఉందా? యార్డు సీజన్లో వారానికి ఎన్ని గంటల పని? ఆరు లక్షల మందికి పైగా ఉన్న అధ్యయనాలను కలిపి 2015లో చూస్తే, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లలో పక్షవాతం 33 శాతం, గుండె జబ్బు 13 శాతం ఎక్కువ కనిపించాయి.

48 ఏళ్లంటే చిన్న వయసని అనుకోవద్దు. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతా దేశాల వాళ్లకు 59 దగ్గర. ఆయనకు బీపీ, మూడు నెలల సగటు షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించండి. నడుము చుట్టుకొలత బొడ్డు ఎత్తున టేపుతో కొలవండి, మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. బీపీ ఇంట్లో చూసేటట్టయితే ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి కూర్చోవాలి. చేయి బల్లమీద గుండె ఎత్తున ఉండాలి. అరగంట ముందునుంచి కాఫీ, పొగ వద్దు. ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, ఒక్కోదానికీ నిమిషం ఎడంతో, ఏడు రోజులు కొలిచి రాసుకోండి. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీస్తే 135/85 లోపు ఉండాలి. యార్డు నుంచి రుసరుసలాడుతూ రాగానే పట్టీ కట్టి చూస్తే ఆ అంకె పనికిరాదు.

ఒక్క మనవి. ఆయన అరుస్తున్నప్పుడు ‘ఇలా అయితే గుండె ఆగిపోతుంది’ అనకండి. ఆ మాట ఆదివారం పొద్దున, ఇద్దరూ నిమ్మళంగా ఉన్నప్పుడు, పరీక్షల కాగితాలు ముందు పెట్టుకుని చెప్పాల్సినది.

ఆర్టీసీ డ్రైవర్ని, 52 ఏళ్లు. బీపీ మాత్ర వేసుకుంటున్నా. ఆటో అడ్డం వచ్చినా, ప్రయాణికుడు నోరు పారేసుకున్నా ఒళ్లు మండిపోతుంది. ఆ టైములో గుండెకు ఏమవుతుంది? ఎలా తగ్గించుకోవాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

కోపం రాగానే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ ఎగదన్నుతుంది. గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పెరుగుతాయి, రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కునే గుణం ఎక్కువవుతుంది. రక్తనాళం గోడలో ముందే కొవ్వు పేరుకుని ఉంటే, ఆ ఒత్తిడికి దాని పైపొర చిట్లి, అక్కడ గడ్డ కట్టి దారి మూసుకుపోవచ్చు. 2024లో వచ్చిన ఒక అధ్యయనంలో 280 మంది ఆరోగ్యవంతులతో పనిచేశారు. అందులో కొంతమందిని తమకు కోపం తెప్పించిన సంఘటనను ఎనిమిది నిమిషాలు తలుచుకోమన్నారు. వాళ్ల రక్తనాళాలు సరిగ్గా వ్యాకోచించే శక్తి 40 నిమిషాల దాకా తగ్గింది. అవి కళ్లముందు జరిగిన గొడవలు కావు, ఉత్త తలపోతలు.

తీవ్రమైన కోపం వచ్చిన రెండు గంటల్లో గుండెపోటు ముప్పు మామూలుకంటే కొన్ని రెట్లు పెరుగుతుంది. వినడానికి భయంగా ఉన్నా లెక్క పూర్తిగా చూడాలి. జబ్బు ముప్పు తక్కువున్న పదివేల మందికి నెలకొకసారి అలాంటి కోపం వస్తే ఏడాదికి అదనంగా వచ్చే గుండెపోటు ఒక్కటే. అదే రోజుకు ఐదుసార్లు వస్తే 158 అని అంచనా. ముప్పు ముందే ఎక్కువున్నవాళ్లలో ఆ అంకె 657. బీపీ ఉండి, రోజూ ట్రాఫిక్‌లో నలిగే మీరు ఎన్నిసార్లు అన్నదాని మీద దృష్టి పెట్టాలి.

కోపం తలకెక్కే ముందు ఒంట్లో గుర్తులు కనిపిస్తాయి. స్టీరింగ్ మీద వేళ్లు బిగుస్తాయి, దవడలు కరుచుకుంటాయి, చేయి హారన్ మీదికి పోతుంది, భుజాలు చెవుల దగ్గరికి లేస్తాయి. వీటిలో మీకు మొదట వచ్చేది ఏదో రెండు రోజులు గమనించండి. అది కనపడగానే వేళ్లు సడలించి, నాలుక కొసను పై పళ్ల వెనక ఆనించండి, దవడ దానంతటదే వదులవుతుంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి తీసుకుని, ఆరు అంకెలకు వదలండి. నిమిషానికి ఆరు శ్వాసలు. కళ్లు రోడ్డు మీదే ఉండాలి. మూడు నాలుగు శ్వాసలకే చేతుల బిగువు తగ్గడం తెలుస్తుంది. ఇది గొడవలోనే మొదటిసారి ప్రయత్నిస్తే కుదరదు. రోజూ డ్యూటీ ఎక్కేముందు ఐదు నిమిషాలు అలవాటు చేసుకుంటేనే అవసరానికి అందుతుంది.

గట్టిగా తిట్టేస్తే కోపం పోతుందనేది అబద్ధం. తిట్టినకొద్దీ ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది. ఇంకో జాగ్రత్త. గొడవ అయిన వెంటనే దిగి టైరు మార్చడం, బరువులెత్తడం వద్దు. ఇంటర్‌హార్ట్ లెక్కల్లో గుండెపోటుకు ముందు గంటలో కోపం గానీ మానసిక క్షోభ గానీ ఉంటే ముప్పు రెండున్నర రెట్ల దగ్గర, దానికి తీవ్రమైన శారీరక శ్రమ తోడైతే మూడు రెట్లు. కాస్త నీళ్లు తాగి, పది నిమిషాలు ఆగి పని చేయండి. చల్లబడటానికి బీడీ వెలిగించడమైతే అస్సలు వద్దు.

ఇలాంటి అభ్యాసం గుండెకు పనికొస్తుందా అంటే, ఫ్రీడ్‌మన్ బృందమే ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లతో చేసి చూపించింది. కావాలని పొడుగు క్యూలో నిలబడటం, నెమ్మదిగా వెళ్లే వరుసలోనే కారు నడపడం, తింటున్నప్పుడు ఇంకో పని పెట్టుకోకపోవడం లాంటివి నేర్పారు. నాలుగున్నరేళ్లలో మళ్లీ గుండెపోటు వచ్చినవాళ్లు వీళ్లలో 12.9 శాతం, మామూలు సలహాలతో సరిపెట్టుకున్నవాళ్లలో 21.2 శాతం. టికెట్ కౌంటర్ దగ్గర మీకంటే వెనకున్నాయన్ను ముందుకు పంపి చూడండి. మొదటి రోజు ఒళ్లు జలదరిస్తుంది, పదో రోజుకు ఏమీ అనిపించదు.

నాకు కోపమే రాదు. వచ్చినా మింగేస్తాను. ఆఫీసులో ఎవరేమన్నా నవ్వి ఊరుకుని, ఇంటికొచ్చి రాత్రంతా అదే ఆలోచిస్తాను. నలుగురిలో మాట్లాడాలంటే బెరుకు. నాకు ‘టైప్ డి’ ఉందని ఇంటర్నెట్‌లో చూసి భయం పట్టుకుంది.
– ఒక పాఠకురాలు, 38 ఏళ్లు, హైదరాబాద్

ఆ పేరు పెట్టింది బెల్జియంకు చెందిన సైకాలజిస్టు యోహాన్ డెనొలెట్. రెండు గుణాలు కలిసి ఉండాలి. ఒకటి, ఎప్పుడూ దిగులు, ఆందోళన, చిరాకు. రెండోది, ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అని వాటిని దాచుకోవడం. 14 వాక్యాల ప్రశ్నపత్రంలో ఒక్కో గుణానికి ఏడు వాక్యాలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. రెండింటిలోనూ పదీ, ఆపైన వస్తేనే ‘డి’ అంటారు. బెరుకు ఒక్కటే ఉంటే కాదు.

1996లో ఆయన 303 మంది గుండె రోగుల వివరాలు ప్రచురించారు. ‘డి’ వర్గంలో 27 శాతం, మిగతావాళ్లలో 7 శాతం చనిపోయారు. ఆ తర్వాత జరిగిన పెద్ద అధ్యయనాల్లో అంత తేడా రాలేదు, కొన్నింటిలో అసలే రాలేదు. పైగా ఆ 303 మందీ అప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్లు, మీరు కాదు. అందుకని ఈ ముద్ర చూసి నిద్ర చెడగొట్టుకోకండి.

మీ ఉత్తరంలో మాకు గుచ్చుకున్నది ‘రాత్రంతా’ అన్న మాట. తక్కువ నిద్ర బీపీని పెంచుతుంది. ఇంకొకటి, ఇలాంటి స్వభావం ఉన్నవాళ్లు ఒంట్లో బాగోలేకపోయినా డాక్టర్‌కు చెప్పడానికి మొహమాటపడతారు. ఛాతీలో బరువుగా ఉందని నాలుగు రోజులు ఎవరికీ చెప్పకుండా ఉండటమే అన్నిటికంటే ప్రమాదం. పడుకోవడానికి రెండు గంటల ముందు పదిహేను నిమిషాలు పెట్టుకుని, ఆ రోజు మింగేసిన మాటలు కాగితం మీద రాయండి. పక్కన, రేపు అనగలిగే ఒక్క వాక్యం రాయండి: ‘ఈ పని శుక్రవారం లోపు నావల్ల కాదండి, సోమవారం ఇస్తాను’ లాంటిది. వారానికి ఒక్కసారైనా ఆ వాక్యం నిజంగా అనండి. మూడు నెలలైనా మార్పు లేకపోతే క్లినికల్ సైకాలజిస్టును కలవండి.

మా తమ్ముడికి 44 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. ఏ చెడలవాటూ లేదు. టెన్షన్ వల్లే అంటున్నారు. ఉద్యోగం మానేసి యోగా చేస్తే చాలా?
– ఒక పాఠకుడు, విజయనగరం

చాలదు. ‘టెన్షన్ వల్లే’ అన్న మాట చాలా ఇళ్లలో అసలు కారణాన్ని కప్పేస్తోంది. ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మానసిక ఒత్తిడి తొమ్మిది కారణాల్లో ఒకటి మాత్రమే. కొలెస్ట్రాల్, పొగ, బీపీ, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు కూడా ఆ జాబితాలోవే. అలవాటు లేకపోయినా కొలెస్ట్రాల్ వంశంలో ఉండొచ్చు. మీరు, మీ మిగతా తోబుట్టువులు కూడా ఒకసారి కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోండి.

యోగా సంగతికొస్తే, మన దేశంలోనే 24 ఆస్పత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మందితో పన్నెండు వారాల యోగా కార్యక్రమం నడిపి 2020లో ఫలితాలు ప్రచురించారు. మరణాలు, మళ్లీ గుండెపోట్లు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కానీ యోగా చేసినవాళ్లు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు, పాత పనుల్లోకి ఎక్కువగా తిరిగి వెళ్లగలిగారు. కాబట్టి చేయించండి, మాత్రలతో పాటు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఆపి యోగా మొదలుపెట్టడం అనర్థం. ఉద్యోగం మానేయడం గురించి కంగారు పడకండి. జీతం పోయిన దిగులు కూడా ఒత్తిడే.

నాన్నగారికి 62. మూడు నెలల కింద గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. అప్పటినుంచి మాట్లాడటం తగ్గించేశారు. పొలం వైపు వెళ్లరు, మనవడిని ఎత్తుకోరు. ‘ఇంకెన్నాళ్లులే’ అంటారు. మందులు కూడా రోజు మార్చి రోజు వేసుకుంటున్నారని నిన్న తెలిసింది. స్వభావమే మారిపోయిందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

ఇది స్వభావం మారడం కాదు, డిప్రెషన్‌లా ఉంది. అంతకంటే ముందు ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. స్టెంట్ వేశాక రక్తం పలచబరిచే రెండు మాత్రలు ఇస్తారు. గుండెపోటు తర్వాత అయితే సాధారణంగా ఏడాది పాటు. వాటిని మధ్యలో వదిలేస్తే స్టెంట్ లోపలే గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. ఈ రాత్రినుంచి మాత్రలు మీ చేత్తో ఇవ్వండి, ఏడు గళ్ల డబ్బాలో వారానికి సరిపడా సర్ది పెట్టండి. గుండె వేగం తగ్గించే మాత్ర ఏదైనా ఉంటే దాన్నీ హఠాత్తుగా ఆపకూడదు. రోజు విడిచి రోజు వేసుకున్న సంగతి దాచకుండా గుండె డాక్టర్‌కు చెప్పండి.

తర్వాత ఆయన పక్కన కూర్చుని రెండు ప్రశ్నలు అడగండి. గత రెండు వారాల్లో ఏ పనిమీదా ఆసక్తి లేకుండా ఎన్ని రోజులు గడిచాయి? మనసు కుంగిపోయి, ఆశ లేనట్టు ఎన్ని రోజులు ఉంది? అసలు లేదంటే 0, కొన్ని రోజులంటే 1, సగానికి పైగా అంటే 2, దాదాపు రోజూ అంటే 3. రెండూ కలిపి 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే మానసిక వైద్యుడికి చూపించాలి. ‘ఇంకెన్నాళ్లులే’ అన్నదాన్ని తేలిగ్గా వదలకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి, 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, వాళ్లు తెలుగులో మాట్లాడతారు.

గుండెపోటు తర్వాత వచ్చే డిప్రెషన్‌ను ముప్పు కారణంగా చూడాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో చెప్పింది. మందులతో, కౌన్సెలింగ్‌తో దిగులు తగ్గుతుంది. ఆ చికిత్స ఒక్కటే రెండో గుండెపోటును ఆపుతుందని మాత్రం రుజువు కాలేదు. 2,481 మందితో చేసిన పెద్ద ప్రయత్నంలోనూ ఆ ఫలితం రాలేదు. అయినా వైద్యం చేయించాల్సిందే. దిగులు తగ్గిన మనిషి మాత్ర వేసుకుంటాడు, నడుస్తాడు, మనవడిని ఎత్తుకుంటాడు. గుండె రోగులకు సెర్ట్రలిన్ లాంటి మందు సురక్షితమే, పాతకాలపు కొన్ని డిప్రెషన్ మందులు కావు. రక్తం పలచబరిచే మాత్రలతో కలిస్తే రక్తస్రావం కొంచెం పెరగవచ్చు కాబట్టి రెండు చీటీలూ ఇద్దరు డాక్టర్లకూ చూపించండి. డాక్టర్ ఒప్పుకుంటే ముందు గుమ్మం నుంచి వీధి చివరిదాకా, మీరు పక్కన ఉండి, రోజూ పది నిమిషాలు నడిపించండి. పొలం తర్వాత చూద్దాం.

నాన్న పోయిన పదకొండో రోజున రాజమండ్రిలో అమ్మకు ఛాతీ నొప్పి వచ్చింది. ఈసీజీలో గుండెపోటు అన్నారు, యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవన్నారు. ‘టకోట్సుబో’ అని రాసిచ్చారు. అమ్మకు 66. మెత్తని మనసు. మళ్లీ వస్తుందా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

టకోట్సుబో అంటే జపాన్‌లో ఆక్టోపస్‌ను పట్టే కుండ. మెడ సన్నగా, అడుగు ఉబ్బుగా ఉంటుంది. తీవ్రమైన దుఃఖంలోనో భయంలోనో అడ్రినలిన్ ఉప్పెనలా వచ్చినప్పుడు గుండె కింది భాగం కొంతకాలం సరిగ్గా పనిచేయడం మానేసి అచ్చం ఆ ఆకారంలో ఉబ్బుతుంది. 1990లో జపాన్ డాక్టర్లు దీనికి ఆ పేరు పెట్టారు. రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్లు, ఎక్కువమంది ముట్లుడిగినవాళ్లు. మెత్తని మనసు వల్ల వచ్చిందని అమ్మగారి చేత అనిపించకండి, గట్టివాళ్లకూ వస్తుంది.

చాలామందిలో కొద్ది వారాల్లోనే, ఆలస్యమైతే రెండు నెలల్లో గుండె మామూలుగా కొట్టుకుంటుంది. రెండు నెలల లోపు మరోసారి ఎకో (గుండె స్కానింగ్) తీయించి పూర్తిగా కోలుకుందో లేదో చూడాలి. అప్పటిదాకా డాక్టర్ ఇచ్చిన మందులు ఆపకూడదు. మళ్లీ వచ్చేది కొద్దిమందికే, రాదని మాత్రం చెప్పలేం.

ఇంట్లోవాళ్లు ఎక్కువగా పొరపడేది రెండోసారి నొప్పి వచ్చినప్పుడు. ‘మళ్లీ నాన్నను తలుచుకుని ఉంటుంది’ అని సర్ది చెప్పి పడుకోబెడతారు. ఇది మామూలు గుండెపోటా, టకోట్సుబోనా అన్నది ఈసీజీ, రక్తపరీక్ష, యాంజియోగ్రామ్ లేకుండా డాక్టర్ కూడా చెప్పలేరు. ఛాతీలో బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం, పై కడుపులో గ్యాస్ పట్టేసినట్టు మంట, ఏది వచ్చినా 108కి ఫోన్ చేయాలి. ఆస్పిరిన్ పడకపోవడం, అల్సర్ రక్తస్రావం లాంటివి లేకపోతే 300 లేదా 325 మిల్లీగ్రాముల మాత్ర నమిలి మింగించాలి. పైపూత ఉన్న మాత్రయినా నమలాల్సిందే, లేకపోతే పనిచేయడం ఆలస్యమవుతుంది. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ ఎవరో ఇచ్చారని వేయకండి, బీపీ పడిపోయి ఉంటే అది ఇంకా పడేస్తుంది.

మీరు అంత దూరంలో ఉన్నారు కాబట్టి ఒక పని చేయండి. అమ్మగారి డిశ్చార్జి కాగితం, ఆ రోజు ఈసీజీ, యాంజియోగ్రామ్ రిపోర్టు ఫొటోలు తీసి పక్కింటివాళ్ల ఫోన్లో, మీ బంధువుల్లో ఒకరి ఫోన్లో పెట్టించండి. అర్ధరాత్రి ఏ ఆస్పత్రికి తీసుకెళ్లినా పాత ఈసీజీ పక్కన పెట్టి చూస్తే డాక్టర్‌కు నిర్ణయం తేలికవుతుంది.